వల్లీ అత్త లైనులో నోట్‌ప్యాడ్

వల్లీ అత్త కంప్యూటరుతో గొంతెత్తి మాట్లాడుతుంది. మనుషులతోనూ అంతే. దక్షిణాఫ్రికాలో, డర్బన్ శివారు మొబేనిలోని ఒక బట్టల ఫ్యాక్టరీలో, కుట్టుమిషన్ల హోరు మధ్య ఆమె జీవితం సగం గడిచింది. పక్కనున్న మనిషికి వినపడాలంటే అరవక తప్పని చోట అలవాటైన గొంతు, మార్‌బర్గ్‌లోని ఈ నిశ్శబ్దమైన వీధికి వచ్చాక కూడా తగ్గలేదు. మేము ఆమె ఇంటి వెనకున్న ఔట్‌బిల్డింగులో, రెండు గదుల్లో అద్దెకు దిగిన కొత్తలో ఒకరోజు, ఇంట్లో ఏదో పెద్ద గొడవ జరుగుతోందనుకుని గబగబా కిటికీలు మూశాను. తీరా చూస్తే ఆవిడ భర్తను టీ కావాలా అని అడుగుతోంది.

ఆమె తెలుగు గురించి కూడా చెప్పాలి. వాళ్ల ముత్తాతలు విశాఖ వైపు పల్లెల నుంచి చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చినవాళ్లు. వాళ్లతో వచ్చిన తెలుగు ఇప్పుడు పిలుపులకూ, వంటకూ, పూజకూ, అన్నిటికన్నా ఎక్కువగా తిట్లకూ మిగిలింది. తక్కినదంతా ఇంగ్లీషు, మధ్యమధ్య జులూ మాటలు. నాతో మాత్రం పట్టుబట్టి తెలుగే మాట్లాడుతుంది. ఆ తెలుగులో ఆడ, మగ, నువ్వు, నేను అందరూ ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చుంటారు. మొదట్లో సరిదిద్దాలనిపించేది. ఈమధ్య నేనే మా ఆయన రాఘవ్‌తో "అన్నం తిన్నాదా?" అంటున్నాను.

రాఘవ్‌కు పోర్ట్ షెప్‌స్టన్ దగ్గర సిమెంటు కర్మాగారంలో ఇంజనీరు ఉద్యోగం దొరికి, 1997 చివర్లో ఇక్కడికి వచ్చాం. అప్పటికి మా శరణ్య ఇంకా పాలు తాగే పిల్ల. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. అది చదివినందుకు నాకు మిగిలిందేమిటంటే, పిల్ల నోట్లో పెట్టుకునే ప్రతి వస్తువు మీదా ఏమేం ఉండవచ్చో వివరంగా తెలియడం. వల్లీ అత్త ఇంటి ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషను ఉంది. అంటే సూదులు, బాబిన్లు, కత్తెరలు, దారం తునకలు. ఆ గది గడప దాటేటప్పుడు శరణ్యను రెండు చేతులతో గుండెకు అదుముకునేదాన్ని.

"దింపు పిల్లని. నా మిషను బిడ్డల్ని తినదు," అనేది వల్లీ అత్త.

"నేలమీద సూది ఉంటేనో, అత్తా?"

"నా నేల మీద సూదా? ఫ్యాక్టరీలో సూది విరిగితే, ముక్క దొరికేదాకా లైను మొత్తం ఆపేసింది నేను. అడుగు ఎవరినైనా."

ఆ లైనే ఆమె లోకం. మార్‌బర్గ్‌లోని ప్రాథమిక పాఠశాలలో ఆరో తరగతి దాకా చదివి, ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పిల్లగా చేరింది. తరువాత కాలర్లు కుట్టింది. చివరికి లైను సూపర్‌వైజర్ అయింది. వారమంతా డర్బన్‌లో చెల్లెలి ఇంట్లో ఉండేది. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేది. భర్త మల్లయ్య మావయ్య చెరకు లారీ నడిపేవాడు. పెళ్లయిన నాటి నుంచి వాళ్ల కాపురం శనాదివారాల కాపురమే.

లైనంటే ఏమిటో ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. చొక్కాను ఎవరూ మొత్తం కుట్టరు. ఒకరు కాలరు, ఒకరు చేతులు, ఒకరు కాజాలు. కత్తిరించిన గుడ్డముక్కలు కట్టలుగా వస్తాయి. వాటిని బండిళ్లంటారు. ప్రతి బండిలుకూ ఒక టికెట్టు కట్టి ఉంటుంది. ఆ టికెట్టు చూసి బండిలు ఏ బల్లకు పోవాలో సూపర్‌వైజర్ చెప్పాలి. ఎవరైనా రాకపోతే ఆ పని ఖాళీగా ఉన్నవాళ్లకు ఇవ్వాలి. ఒక్క చెయ్యి కూడా ఊరికే ఉండకూడదు. 1994లో మొదటిసారి ఓటు వేయడానికి పొద్దున్నుంచీ వరసలో నిలబడిన సంగతి చెప్పేటప్పుడు కూడా, "నా బతుకులో నేను సూపర్‌వైజ్ చేయని లైను అదొక్కటే. అది కూడా కొంచెం చేసింది. ముసలోళ్లని ముందుకు పంపింది," అని నవ్వేది.

కొత్త ప్రభుత్వం వచ్చింది. సరిహద్దులు తెరుచుకుని బయటి దేశాల చవక బట్టలూ వచ్చాయి. ఫ్యాక్టరీ మూతపడింది. రిట్రెంచ్ అని చెప్పి పనిలోంచి తీసేసినప్పుడు చేతికి వచ్చినదానితో ఆమె పాత ఎంబ్రాయిడరీ మిషనొకటి కొంది. మేనల్లుడు క్రెషెన్ తన పాత కంప్యూటరు తెచ్చి పక్కన పెట్టాడు. రెండింటికీ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టింది. క్రికెట్ క్లబ్బు టోపీల మీద పేర్లు, పెళ్లివారి చేతిరుమాళ్లు, అలాంటి చిన్నాచితకా పనులు వచ్చేవి. ఇల్లు గడవడానికి అవి చాలడం లేదు. ఇంతలో డర్బన్‌లో ఇంకో ఫ్యాక్టరీ వాళ్లు సూపర్‌వైజర్‌గా రమ్మని కబురు పెట్టారు. సోమవారంలోగా జవాబు చెప్పాలన్నారు. వెళితే మళ్లీ శుక్రవారం బస్సే.

వెళ్లకుండా ఉండడానికి ఒక్క దారి ఉంది. ఆమె చదివిన ఆ పాఠశాల ఒకప్పుడు ఇండియన్ పిల్లలకు మాత్రమే. ఇప్పుడు సగానికి పైగా జులూ పిల్లలు. కొత్త బడికి కొత్త బ్యాడ్జీ కావాలని పిల్లలందరి చేతా బొమ్మలు వేయించి, తాష్లిన్ అనే అమ్మాయి వేసిన బొమ్మ ఎంచుకున్నారు. రెల్లుకు వేలాడే గూడు, దాని మీద పసుపుపచ్చని గిజిగాడు, కింద 'సిసోంకే' అనే జులూ మాట. అందరం కలిసి ఉన్నామని దాని అర్థం. ప్రతి పిల్లవాడి చొక్కాకూ, స్వెట్టరుకూ, కోటుకూ అది కుట్టాలి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి బడి కమిటీ సమావేశం. నమూనా చూపించి నచ్చితే ఆ పనంతా వల్లీ అత్తదే. ఏడాది పొడుగునా సరిపోయే పని.

ఆ శుక్రవారం పొద్దున నేను శరణ్య సీసా మరిగిస్తున్నాను. వంటింటి తలుపు దగ్గర వల్లీ అత్త నిలబడి ఉంది. అరవలేదు. అందుకే భయం వేసింది.

"హరిప్రియా, వస్తావా? మిషను బొమ్మని తీసుకోదు అంటా ఉంది."

కాలేజీలో నేను కంప్యూటరు నేర్చుకున్నాను, ఆమె ఎంబ్రాయిడరీ ప్రోగ్రాము కూడా పక్కన కూర్చుని చూసేదాన్ని. శరణ్యను ఎత్తుకుని వెంట వెళ్లాను. ముందుగది గుమ్మంలో మల్లయ్య మావయ్య రబ్బరు బూట్లు తొడుక్కుని, కొత్త ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని ఉన్నాడు. ఆ పొద్దునే రేడియోలో చెప్పారు. సార్డీన్లు వచ్చేశాయి. ప్రతి చలికాలం, అంటే ఇక్కడ జూన్, జూలైలలో, ఈ తీరానికి చేపలు మందలు మందలుగా వస్తాయి. ఆ కబురు తెలియగానే ఊరు ఊరంతా పని మానేసి బకెట్లతో సముద్రానికి పరుగెడుతుంది.

"నేను పోనా, వద్దా? చేపలు నా కోసం ఆగుతాయా?" అన్నాడు మావయ్య.

"నీ పెళ్లాం మొబేనికి పోతా ఉంది, నీకు చేపలు కావాలా?"

"పోతే పో. వారమంతా నాకు శాంతి," అన్నాడు కానీ కదల్లేదు.

ఆ బ్యాడ్జీ ఫైళ్లు మొబేనిలో ట్రెవర్ అనే అతను తయారుచేసి ఫ్లాపీలో పంపాడు. బొమ్మను కుట్లుగా మార్చడం అతని పని. ఎక్కడ సూది దిగాలి, ఎక్కడ దారం మారాలి అన్నదంతా ఆ ఫైల్లో ఉంటుంది. ఫ్లాపీ మిషన్లో పెడితే చాలు, అది కుట్టేస్తుంది. ఇప్పుడు మిషను ఫ్లాపీ పెట్టగానే గుర్రుమని, ఎర్రలైటు వెలిగించి ఊరుకుంటోంది.

"నిన్న ఏం చేశారు, అత్తా? మొదటి నుంచీ చెప్పండి."

"నేనేమీ చేయలేదు. చెకింగ్ చేసింది. కుట్టే ముందు బండిలు విప్పి చూసేది నా అలవాటు. పోయిన వారం క్రెషెన్ వచ్చి విండోస్ అంతా కడిగి మళ్లా పెట్టింది. ముందు ఫైలు మీద రెండుసార్లు నొక్కితే బొమ్మ వచ్చేది. నిన్న నొక్కితే, ఇది ఎవరికి ఇవ్వాలి అని అడిగింది. పెద్ద వరస చూపించింది. అందరూ కూర్చొని ఉన్నారు. నేను అనుకున్నాను, యా, సూపర్‌వైజర్ నేనే కదా."

"ఎవరికిచ్చారు?"

"నోట్‌ప్యాడ్‌కి."

"ఎందుకు?"

"వాడికి పని లేదు! ఎంబ్రాయిడరీ వాడు పొద్దుటి నుంచి చేస్తానే ఉంటాది. ఈ నోట్‌ప్యాడ్ వచ్చిన రోజు నుంచి సుమ్మా, ఊరికే కూర్చొని ఉంది. ఇంకా కింద ఒక టిక్కు ఉంది, ఎప్పుడూ వాడికే ఇవ్వు అని. పెట్టేసింది. మంచి లైనులో ప్రతి బండిలుకీ సూపర్‌వైజర్‌ని అడగరు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నోట్‌ప్యాడ్ అక్షరాలు రాసుకునే ప్రోగ్రాము. దానికి కుట్ల ఫైలు ఇస్తే, లోపలి సంకేతాలన్నిటినీ అక్షరాలనుకుని పిచ్చి గీతలూ చుక్కలూ చూపిస్తుంది. కానీ చూపించినంత మాత్రాన ఫైలు చెడిపోదు. ఆ మాటే చెప్పాను.

"చూసి మూసేశారు కదా? అయితే భయం లేదు."

వల్లీ అత్త మావయ్య వైపు చూసింది. మావయ్య బకెట్‌లోకి చూశాడు.

"రెండు ఫైళ్లు ఉంది," అంది ఆమె. "మొదటిది ఇస్తే నోట్‌ప్యాడ్ చెప్పింది, ఇది నాకు చాలా పెద్దది, వర్డ్‌ప్యాడ్‌కి ఇవ్వనా అని. హౌ, ఎంత మంచి వర్కరు! చేతకానిది చేతకాదు అని చెప్పింది. ఇవ్వు అన్నాను. రెండోది చిన్నది. అది వాడే తెరిచింది. లోపల చూస్తే ఐష్, నీకేం చెప్పేది! ఎక్కడ చూసినా తునకలు, కొసలు వేలాడతా ఉంది. ట్రెవర్ ఇంత గలీజు పని పంపించాడా అనుకున్నాను. శుభ్రం చేసింది."

"శుభ్రం అంటే?"

"కత్తిరించింది. ఫినిషింగ్ బల్ల మీద కొసలు వేలాడే చొక్కాని నువ్వు పంపిస్తావా? అక్కరలేనిదంతా డిలీట్ చేసింది. పోయేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగింది. చేసింది."

"ఫ్లాపీ మీదే?"

"మరి ఎక్కడ?"

ఇంకో నకలు లేదు. ఆమె విడిగా ఏదీ దాచిపెట్టుకోలేదని ఆ జవాబుతోనే తెలిసింది. నేను ఫోను అందుకున్నాను. ట్రెవర్ ఇంకోసారి పంపిస్తాడేమో. అవతల అతని అక్క ఎత్తింది.

"ట్రెవర్ లేడమ్మా. సార్డీన్లు వచ్చాయి కదా, పొద్దున్నే బకెట్ తీసుకుని పోయాడు."

"ఎక్కడికి?"

"చేపలు ఎక్కడికి పోతే అక్కడికి."

ఫోను పెట్టానో లేదో మళ్లీ మోగింది. ఈసారి బడి గుమాస్తా షర్లీ. ఆమె గొంతు రిసీవర్ బయటికి వినపడుతోంది. కమిటీలో సగం మంది మధ్యాహ్నం సముద్రానికి పోతామంటున్నారట. అందుకని సమావేశం నాలుగింటికి కాదు, ఒంటిగంటకే. నమూనా తీసుకుని రమ్మంది.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

"అయితే ఈ పని పోతుంది," అంది వల్లీ అత్త. కుర్చీలో కూర్చుని చీర కొంగుతో కంప్యూటరు మీద లేని దుమ్ము తుడిచింది. "సోమవారం వాళ్లకి వస్తాను అని చెప్తాను. సూట్‌కేసు ఇంకా మంచం కింద ఉంది."

మావయ్య బూట్లు విప్పేశాడు. "పిల్లని నాకు ఇవ్వు," అన్నాడు నాతో. "నువ్వు ఆ డబ్బాని చూడు."

శరణ్యను అంతవరకూ నేను ఎవరి చేతికీ ఇవ్వలేదు. రాఘవ్‌కు ఇచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి చూసేదాన్ని. మావయ్య చేతులు కడుక్కున్నాడా అని అడగబోయి ఊరుకున్నాను. ఇచ్చాను. వెనక్కి తిరిగేలోపే ఆయన కొత్త బకెట్‌లో తువ్వాలు పరిచి శరణ్యను అందులో కూర్చోబెట్టాడు. అది రెండు చేతులతో బకెట్ అంచు పట్టుకుని, ఓడ మీది కెప్టెన్‌లా గది అంతా కలయజూసింది. ఆ ప్లాస్టిక్ ఏ రకమో ఆలోచించకూడదని నాకు నేను చెప్పుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఫ్లాపీ తెరిచాను. రెండు ఫైళ్లు కనబడ్డాయి. రెండింటి పేరూ 'స్కూల్ బ్యాడ్జి'. రెండింటి పక్కనా నోట్‌ప్యాడ్ గుర్తే. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫైళ్లను కంప్యూటరు ఉండనివ్వదు. అంటే పేర్లలో ఏదో తేడా ఉంది, అది మాకు కనబడడం లేదు.

"అత్తా, నిన్న మొదట చూసినప్పుడు కూడా ఇలాగే ఉన్నాయా?"

ఆమె ముందుకు వంగి చూసింది. "లేదు. పేరు చివర ఏదో చిన్న ముక్క ఉంది. దీనికి ఒకటి, దానికి ఒకటి. నేను ఆ టిక్కు పెట్టింది, ముక్కలు పోయింది."

అప్పుడు నాకు విషయం బోధపడింది. ప్రతి ఫైలు పేరు చివరా ఒక చుక్క, చుక్క తరువాత మూడు అక్షరాలు ఉంటాయి. అది ఏ జాతి ఫైలో చెప్పేది ఆ తోకే. ఏ జాతి ఫైలును ఏ ప్రోగ్రాము తెరవాలో కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి ఒక జాతికి ప్రోగ్రాము కుదిరిపోతే, ఇక తోకతో పనేముందని దాన్ని దాచేస్తుంది. క్రెషెన్ విండోస్ కడిగినప్పుడు ఎంబ్రాయిడరీ జాతులకు కుదిరి ఉన్న సంబంధం తెగిపోయింది. అందుకే అది వల్లీ అత్తను అడిగింది. ఆమె నోట్‌ప్యాడ్‌కు ఇచ్చి టిక్కు పెట్టగానే, సంబంధం కుదిరిందనుకుని తోకలు దాచేసింది.

నాకు తెలిసిన మాటల్లో ఆమెకు ఇదంతా చెప్పాను. సగంలోనే ఆపింది.

"బండిల్ టికెట్టు!"

"అలాంటిదే అనుకోండి."

"టికెట్టు దాచేదా? సూపర్‌వైజర్ కంటికి కనపడకుండా? ఎవడమ్మా ఈ ఫ్యాక్టరీ పెట్టింది? రేపు పొద్దుటికి లైను అంతా కాలరు చేతికీ, చెయ్యి కాలరుకీ కుడతారు!" ఆ అరుపుకు బకెట్‌లో శరణ్య ఉలిక్కిపడి, తరువాత పకపకా నవ్వింది. వల్లీ అత్త మళ్లీ మామూలుగా అయినందుకు నాకూ కొంచెం ధైర్యం వచ్చింది.

తెర మీది కిటికీ పైన వరసగా ఉన్న మాటల్లో 'వ్యూ' నొక్కి, అందులోంచి 'ఆప్షన్స్'లోకి వెళ్లాను. తోకలు దాచు అని ఉన్నచోట టిక్కు తీసేశాను. వెంటనే రెండు ఫైళ్లకూ తోకలు వచ్చాయి. చిన్నది మిషను చదివే కుట్ల జాతి. కత్తిరింపులకు గురైంది అదే. పెద్దది వేరే జాతి. ఎంబ్రాయిడరీ ప్రోగ్రాములోనే పుట్టే అసలు రూపం అది. ట్రెవర్ కుట్లు అందులో అమర్చుకుని, చివరలో దాని నుంచే మిషనుకు కావలసిన చిన్న ఫైలు తీస్తాడు. పెద్దది బాగుంటే చిన్నదాన్ని మనమే మళ్లీ తీసుకోవచ్చు.

"అత్తా, ఈ పెద్దదాన్ని వర్డ్‌ప్యాడ్ తెరిచింది కదా. అందులో ఏమైనా కత్తిరించారా?"

ఆమె కళ్లు మూసుకుని నిన్నటి రోజును వెనక్కి తిప్పుకుంది. నేను మౌస్ మీంచి చేయి తీసేశాను.

"దాన్లో ఇంకా ఎక్కువ గలీజు," అంది నెమ్మదిగా. "ఎంత కిందికి పోయినా అయిపోదు. మొదలుపెడదాం అనుకున్నాను..."

"అనుకుని?"

"మావయ్య టీ అడిగింది. ముందు చిన్నది చేసి, తరవాత దీని సంగతి చూద్దాం అని మూసేసి పోయింది."

"చూశావా?" అన్నాడు మావయ్య నేలమీద నుంచి. "ఇన్నేళ్లుగా నా టీని తిడతావు."

"నోరు మూసుకొని బిడ్డని చూడు."

మూసినంత మాత్రాన ఏమీ కాలేదని నాకు తెలుసు. అయినా ముందు ఆ పెద్ద ఫైలుకు కంప్యూటరు లోపల ఒక నకలు తీసి పెట్టాను. తరువాత అదే ఆప్షన్లలో ఫైలు జాతుల వరస తెరిచాను. ఆ రెండు జాతులను వెతికి, వీటిని ఇక నుంచి నోట్‌ప్యాడ్ కాదు, ఎంబ్రాయిడరీ ప్రోగ్రాము తెరవాలి అని మార్చాను. ఫైళ్ల పక్కనున్న గుర్తు మారి, చిన్న సూది బొమ్మ అయింది.

"మీరే నొక్కండి," అన్నాను.

వల్లీ అత్త చేయి తుడుచుకుని రెండుసార్లు నొక్కింది. కంప్యూటరు చాలాసేపు గురగుర అంది. ఆ తరువాత తెర మీద మొదట రెల్లు, దాని మీద గూడు, ఆఖరున పసుపుపచ్చని గిజిగాడు వచ్చి వాలాయి.

ఆమె పిట్టను వేలితో తాకింది. "హౌ, వచ్చినావా తల్లీ," అంది.

ఆ తరువాత పనంతా ఆమెదే. కుట్ల ఫైలును కొత్త ఫ్లాపీలోకి తీసి ఇచ్చాను. ఫ్రేములో గుడ్డ బిగించింది. దారాలు ఎక్కించింది. మిషను ఈసారి ఎర్రలైటు వెలిగించలేదు. డబడబ మొదలుపెట్టింది. శరణ్య బకెట్‌లోంచే ఆ చప్పుడుకు తగ్గట్టు తల ఊపుతోంది. రంగు మారినప్పుడల్లా వల్లీ అత్త మిషను ఆపి, దారం మార్చి, వెనక తిప్పి చూసుకుంటోంది. 'సిసోంకే' చివరి అక్షరం పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. బ్యాడ్జీ కత్తిరించి, ఇస్త్రీ చేసి, తెల్ల చేతిరుమాలులో చుట్టింది. చీర మార్చుకుని వచ్చింది. నన్ను కూడా రమ్మంది.

"నేనెందుకు, అత్తా?"

"కంప్యూటరు సంగతి అడిగితే నువ్వు చెప్పు. పిల్లని కూడా తీసుకురా. బిడ్డ ఉంటే కమిటీ వాళ్లు మెత్తగా మాట్లాడతారు."

బడి టీచర్ల గదిలో కమిటీ వాళ్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురి కాళ్లకు అప్పటికే చేపల బూట్లు. బ్యాడ్జీ చేతులు మారింది. పిట్ట అందరికీ నచ్చిందని చెప్పకుండానే తెలుస్తోంది. కానీ అధ్యక్షుడు, మెడలో టై కట్టుకున్న పెద్దమనిషి, నమూనాను బల్లమీద పెట్టి అడిగాడు.

"చాలా బాగుంది, వల్లీ. కానీ జనవరిలో బడి తెరిచేసరికి అందరు పిల్లలకీ కావాలి. ఒక్క మనిషి, ఒక్క మిషను. ఆలస్యమైతే తల్లిదండ్రులు మమ్మల్ని పట్టుకుంటారు."

"ఒక్క మనిషి ఎవరు చెప్పారు?" అంది వల్లీ అత్త. గది కిటికీలు అదిరాయి. "మిషను కుడుతుంది. కత్తిరించేదానికి, అంచు మడిచేదానికి, చొక్కాకి పెట్టేదానికి చేతులు కావాలి. నాకు లైను పెట్టేది తెలుసు. ఈ బడి పిల్లల అమ్మల్లో ఎంతమందిని ఫ్యాక్టరీలు ఇంటికి పంపించాయో మీరు లెక్క తీసుకోండి. నాకు ఇద్దర్ని ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఉన్న షోజీ గారు ఒక పెద్దావిడ. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, "మా కోడలు అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద పనిచేసేది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది," అంది.

"సోమవారం పంపండి. సూదులు లెక్కపెట్టి ఇస్తాను, లెక్కపెట్టి తీసుకుంటాను. అది ఒప్పుకోవాలి."

ఆవిడ నవ్వింది. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. సముద్రం అందరినీ లాగుతోంది. చేతులెత్తమన్నాడు. అన్ని చేతులూ లేచాయి. వాటిని చూసి, నా ఒళ్లో శరణ్య కూడా రెండు చేతులూ ఎత్తింది. షర్లీ దాని ఓటును కూడా రాసుకున్నట్టు నటించింది.

సోమవారం పొద్దున వల్లీ అత్త డర్బన్ ఫ్యాక్టరీకి ఫోను చేసింది. రాలేనని మర్యాదగానే చెప్పింది. అవతల మేనేజరు ఏదో బతిమాలుతున్నాడు. మావయ్య పక్కనుంచి, "పంపించేది లేదు అని చెప్పు! ఆమెకి ఇక్కడ పని ఉంది!" అని అరిచి, తన అరుపుకు తానే సిగ్గుపడి వంటింట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి అక్కడి నుంచి బీన్స్ కూర వాసన వచ్చింది. వారం మధ్యలో తిండికి ఇంకో మనిషి ఉంటుందని గట్టిగా నమ్మకం కుదిరినట్టుంది, పెద్ద గిన్నె పెట్టాడు.

ఫోను పెట్టేసి వల్లీ అత్త కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుంది. "రా పిల్లా. షోజీ కోడలు వచ్చేలోపల లైను సర్దాలి. ఎవరికి ఏ పనో నేను చెప్తాను, నువ్వు రాయి."

శరణ్యను కిందికి దించాను. అది నేలమీద పాకుతూ బకెట్ దగ్గరికి పోయింది. పోనిచ్చాను. కంట కనిపెడుతూనే ఉన్నాను, కానీ పోనిచ్చాను.

ఫైలు జాతుల వరస తెరిచి ఒక్కొక్కటే చదివాను. బొమ్మల జాతి వచ్చింది.

"బొమ్మలు ఎవరు చేయగలరు?"

"పెయింట్, అత్తా."

"వాడికి ఇవ్వు. పాటలు?"

"దానికి వేరే ప్రోగ్రాము ఉంది."

"వాడిని పని టైములో తెరవొద్దు అని చెప్పు. ఎంబ్రాయిడరీ రెండు టికెట్లూ ఎంబ్రాయిడరీ వాడికే. ఇంకెవరూ ముట్టేది లేదు. తెలియని టికెట్టు వస్తే?"

"మళ్లీ మిమ్మల్ని అడుగుతుంది. ఎవరికివ్వాలో రూఢిగా తెలిస్తేనే ఆ టిక్కు పెట్టండి. తెలియకపోతే తీసేసి ఒక్కసారికి మాత్రం ఇచ్చి చూడండి. చూసి, ఏమీ కత్తిరించకుండా మూసేయండి."

"యా. కొత్త చేతికి మొదట చెత్తగుడ్డ ఇచ్చి చూసేది. అది నాకు తెలుసు."

చివరికి నోట్‌ప్యాడ్ దగ్గరికి వచ్చాం. శుక్రవారం దాకా అది మోసిన రెండు జాతులనూ దాని దగ్గర్నుంచి అప్పుడే తీసేశాం. ఇక దీనితో మీకు పనేమీ లేదు, కావాలంటే కంప్యూటరులోంచే తీసేయవచ్చు అన్నాను.

"తీసేసేదా?" వల్లీ అత్త కుర్చీలో నిటారుగా కూర్చుంది. "లేదు, లేదు. తప్పు పని ఇచ్చింది నేను. పెద్దదిస్తే, నా వల్ల కాదు అని నిజం చెప్పింది వాడు. నా లైనులో రిట్రెంచ్ లేదు. వాడికి ఏం వచ్చు?"

"ఉత్త అక్షరాలు వచ్చు. చిన్న చిన్న రాతలు."

ఆమె దారాల అర వైపు చూసింది. "షోజీ కోడలికి రంగులు తెలియాలి కదా. ఏ ముక్కకి ఏ దారం అని. అది వాడికి ఇవ్వు. రాయి మరి. పిట్ట ఒంటికి నిమ్మ పసుపు. కంటికి ఎర్ర కుంకుమ రంగు. గూటికి ఎండుగడ్డి, రెండు పోగులు..."

నేను టైపు చేస్తున్నాను. నోట్‌ప్యాడ్ ఒక్క అక్షరం కూడా తప్పకుండా రాసుకుంటోంది. వల్లీ అత్త నా భుజం మీదుగా తెర చూస్తూ తల ఊపింది.

"సూడు, ఎంత నీటుగా చేస్తా ఉందో," అంది. "సేవ్ చెయ్యి."